కొయ్యాల్సిన తాడు

పడవ నడిపే సరంగు ఇంట్లో చచ్చినవాడు మాట్లాడుతున్నాడని రేడియో పిన్ని అన్నదట. మాట్లాడటమంటే ఏదో మూలుగు కాదట, అచ్చంగా వాడి గొంతేనట. కోడలు ఐసు ఫ్యాక్టరీ నుంచి రాగానే గది తలుపేసుకుని మొగుణ్ణి పిలిపించుకుంటోందట, నాలుగు మాటలు మాట్లాడించి మళ్ళీ నీళ్ళలోకే వదిలేస్తోందట. పిన్ని కుళాయి దగ్గర వేసిన ఈ మాట వీధులన్నీ తిరిగి, చివరికి ఐసు దిమ్మలు తోసే మనిషి నోటి మీదుగా కోడలి చెవినే పడింది.

“నిజమేనా ఏంటే?” అంది ఆ మనిషి.

“నిజమే” అంది కోడలు, కొక్కెంతో దిమ్మని తన వైపు లాక్కుంటూ.

“నీళ్ళలోకి వదిలెయ్యడం కూడానా?”

“అదీ నిజమే.”

ఉప్పూకారం కలపకుండా పిన్ని ఏదీ చెప్పదని పేరు. ఈసారి కలపడానికి ఆమెకు చోటు దొరకలేదు.

అది కంప్యూటర్లో చేపలు పట్టే ఆట. పడవ మీద బతికేవాడు ఇంటికొచ్చి మళ్ళీ చేపలు పట్టడమేంటని ఆమె మొగుడు బతికున్నప్పుడు ఇంటిల్లిపాదీ నవ్వేవాళ్ళు. “సముద్రం చాల్లేదట్రా నీకు?” అనేవాడు సరంగు. “ఇక్కడైతే పక్కన నిలబడి తిట్టేవాళ్ళుండరు నాన్నా” అనేవాడు కొడుకు. నిజానికి అది నవ్వుతూ ఆడే ఆట కాదు. బూడిదరంగు నీళ్ళ మీద ఒంటరి పడవ. గాలానికి తగిలే చేపలకి మనుషుల పళ్ళుంటాయి. బుట్టలో వేశాక కూడా కళ్ళార్పుతూ చూస్తుంటాయి. ఆటలో పొద్దు వాలగానే మంచు కమ్ముతుంది, బరువైనదేదో గాలానికి తగులుతుంది, అప్పుడు నీళ్ళలోంచి గొంతు వినిపిస్తుంది. ఆ గొంతు ఎవరిదో కాదు, ఆడేవాడిదే. ఆడుతూ ఆడుతూ మైకు ముందు నోరు జారిన మాటలన్నిటినీ ఆట దాచుకుంటుంది. దాచుకున్నవాటిని ముక్కలు చేసి, నీళ్ళ అడుగునుంచి మనకే వినిపిస్తుంది.

అది వినిపించినప్పుడు చెయ్యాల్సింది ఒక్కటే, తాడు కొయ్యడం. జాలిపడి లాగితే ఆ బరువు పైకొచ్చి పడవని మింగుతుంది. పడవతో పాటు దాచిన గొంతూ పోతుంది. మళ్ళీ మొదటి నుంచీ కొత్త పడవ.

అతను పోయాక చాన్నాళ్ళు ఆ కంప్యూటరు మీద దుప్పటి కప్పే ఉంది. ఒకరోజు దుమ్ము దులుపుదామని తీసిన కోడలు, అతను మధ్యలో ఆపిన చోటునుంచి ఆట తెరిచింది. ఆడటం చేతకాక పిచ్చి పిచ్చిగా మీటలు నొక్కుతుంటే మంచు కమ్మింది. గాలం కిందికి లాగింది.

“ఇక్కడే ఉన్నా... వస్తున్నా...”

అన్నానికి పిలిచిన ప్రతిసారీ అతను చెప్పే అబద్ధం అది. ఇక్కడే ఉన్నాననేవాడు, గంటకి గానీ వచ్చేవాడు కాదు. ఆమె నోట్లో చెంగు కుక్కుకుంది. అంతకుముందు అతను చెప్పగా విన్న నియమం గుర్తొచ్చి, కళ్ళు మూసుకుని తాడు కోసింది.

అప్పటినుంచీ అదే పని. అతని ఫోను జేబులోనే ఉండి అతనితోపాటే పోయింది. పెళ్ళి వీడియోలో అతను నవ్వడమే గానీ మాట్లాడింది లేదు. తన ఫోను స్పీకరుకి ఆనించి రికార్డు చేసి చూసింది. ఆట వాళ్ళు భయపెట్టడానికి పెట్టిన హోరులో ఆ గొంతు ఎవరిదైనా కావచ్చు అన్నట్టుంది. కంప్యూటరు బాగుచేసే అతన్ని పిలిపిస్తే, చెమటలు తుడుచుకుంటూ చాలాసేపు తంటాలు పడ్డాడు.

“విడిగా బయటికి తియ్యలేనక్కా. తాళమేసి పెట్టారు. కాపీ కొడితే అది తెరుచుకోదు.”

“మరి ఇంకా ఎన్ని మాటలున్నాయో చెప్పగలవా?”

“వింటేనే తెలుస్తుంది” అని చెప్పులేసుకున్నాడు.

అత్త ఆ గదిలోకి రాదు. వంటింట్లోంచే అడుగుతుంది.

“ఇవాళేమన్నాడే?”

“బుర్రలేనిదానా, రావే అన్నాడత్తయ్యా.”

“నిన్నా?”

“చేపని.”

“నోరు మంచిది కాదు వాడికి” అని అత్త కాసేపు గిన్నెలు చప్పుడు చేస్తుంది. ఆ చప్పుడు ఆగేదాకా కోడలు వంటింట్లోకి వెళ్ళదు.

సరంగు మాత్రం ఏమీ అడగడు. అరుగు మీద కూర్చుని ఎవరివో చిరిగిన వలలు బాగుచేస్తుంటాడు. కొడుకు పోయిన రోజు తర్వాత పడవెక్కలేదు. ఆ రోజు వల అడుగున దేనికో తగులుకుంది. విడిపించబోయిన కొడుకు కాలికి వల తాడు చుట్టుకుని నీళ్ళలో పడ్డాడు. తాడు బిగిసి పడవ ఒరిగిపోతోంది, అందులో ఇంకా నలుగురున్నారు. కొయ్యకపోతే అందరూ పోతారు. కత్తి సరంగు చేతిలో ఉంది. కోశాడు. బతికొచ్చిన నలుగురూ ఒడ్డున ఆయన కాళ్ళు పట్టుకున్నారు. ఆ తర్వాత ఆ తాడు మాట ఎవరూ ఎత్తలేదు, రేడియో పిన్నితో సహా.

కుళాయి దగ్గరి కబురు ఆయన దాకా కూడా వచ్చినట్టుంది. ఒక మధ్యాహ్నం సూదీ దారం పక్కన పెట్టి గది గుమ్మంలో నిలబడ్డాడు.

“వాడు మాట్లాడతాడటగా?”

కోడలు తలూపింది.

“నేనూ వింటా.”

ఆమె కుర్చీ ఇచ్చి తను స్టూలు మీద కూర్చుంది. చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్పింది. “అది ఆయన కాదు మామయ్యా, మిషను. మాటలు మాత్రమే ఆయనవి. విని వదిలెయ్యాలి. లాగితే అన్నీ పోతాయి, మళ్ళీ రావు. ఇక్కడ నొక్కి పట్టుకుంటే లాగడం, ఇటు నొక్కితే కొయ్యడం. నేనే కోస్తాను, మీరు ఊరికే వినండి.”

“సరేనమ్మా” అన్నాడు సరంగు. తెర మీది పడవని ఎగాదిగా చూశాడు. “దీన్ని కట్టినవాడెవడు? ముక్కు ఇంత బరువుంటే అలకి ఎక్కుతుందా!” అన్నాడు. కోడలికి నవ్వొచ్చింది. ఆ గదిలో ఆమెకి నవ్వొచ్చి ఎన్నాళ్ళయిందో.

మంచు కమ్మింది. గాలం ఒక్కసారి కుంగింది. హోరు మొదలైంది. సరంగు ముందుకి వంగాడు.

“నాన్నా... లాగు...”

ఇది ఆమె అంతకుముందు విన్న మాట కాదు. గాలివానకి పడవలన్నీ ఒడ్డునే ఉన్న ఒకనాడు, కొడుకు తండ్రిని పక్కన కూర్చోబెట్టుకుని మౌసు చేతికిచ్చాడు. తండ్రి తడబడుతుంటే నవ్వుతూ అరిచాడు. ఆట నవ్వుని తీసేసి, మాటని ఉంచుకుంది.

“నాన్నా... లాగు... లాగు నాన్నా...”

కోడలు కొయ్యబోయింది. ఆమె చేతిమీద సరంగు చెయ్యి పడింది. తాళ్ళు లాగి లాగి కాయలు కాసిన చెయ్యి, ఐసు దిమ్మలు లాగే ఆమె చెయ్యి కూడా దాని కింద కదల్లేదు. “మామయ్యా, వద్దు! మామయ్యా!” అంటోంది. ఆయన తెరవైపే చూస్తున్నాడు. ఆమె వేలితో సహా నొక్కి పట్టుకుని లాగుతున్నాడు. పడవ మీద ఉన్నట్టే కాళ్ళు నేలకి తన్నిపెట్టి, పళ్ళు బిగించి లాగుతున్నాడు. తాడు చుట్టుకుంటోంది. గొంతు దగ్గరికొస్తోంది. “వచ్చెయ్, వచ్చెయ్” అంటున్నాడు సరంగు, రొప్పుతూ.

వచ్చింది. దానికి మొహం లేదు, పడవంత నోరు మాత్రం ఉంది. చెక్కలు విరిగిన చప్పుడు. తెర నల్లబడింది. ఆ తర్వాత తెల్లగా కొత్త పడవ ఒకటి వచ్చి, మైకు పనిచేస్తోందో లేదో చూడాలి, ఏదైనా మాట్లాడమంది.

అరుపులు విని అత్త మొదటిసారి ఆ గది గుమ్మం దాకా వచ్చి, తడిచేతులు చీరకి తుడుచుకుంటూ నిలబడి ఉంది.

కోడలు మౌసుని అటూ ఇటూ కదిపింది, వెనక్కి వెళ్ళే దారేమైనా ఉంటుందేమోనని. లేదు. అప్పుడు మామ వైపు తిరిగింది.

“చెప్పాను కదా మామయ్యా! ఆయన కాదని చెప్పాను, లాగితే పోతాడని చెప్పాను, సరేనన్నారు కదా! నాకింక ఏం మిగిల్చారు? ఎందుకు లాగారు?”

సరంగు తన అరచేతులు చూసుకుంటున్నాడు.

“ఆ రోజూ ఇదే మాట అన్నాడు.”