రెండో టీచరు

మంచుగడ్డల మధ్య చేతులు పెట్టి రొయ్యల తలలు వలుస్తోంది రాజకుమారి. మండవల్లి షెడ్డులో పదకొండేళ్లుగా ఇదే పని. వేళ్ల సందులు తెల్లగా నాని, గోళ్లు పసుపుపచ్చబడిపోయాయి. భర్త బెంజమిన్‌కి చెరువు కాపలా పని పోయాక, తనే పనికి కువైట్ వెళ్లక తప్పలేదు. ఈ మధ్యాహ్నమే ప్రయాణం. ఈ పూట రావద్దని మేస్త్రి చెప్పినా వినలేదు. పొద్దున్నే కూతురు కెజియాకి జడలు వేసి, ముద్దుపెట్టుకుని బడికి పంపేశాక, ఖాళీ ఇంట్లో ఉండలేకపోయింది.

పక్కన నఫీసా కూడా వలుస్తోంది. ఇద్దరి పిల్లలదీ ఊళ్లోని ఒకే స్కూలు. అయిదు తరగతులకు ఒక్కరే మాస్టారు. ఆయన మీటింగుకి వెళ్లిన రోజు తలుపులకి తాళం. కిందటేడు సండేస్కూల్లో వాక్యం చదవమంటే మూడో తరగతి కెజియా గడగడా చెప్పింది. తీరా చూస్తే తెరిచి ఉన్న పేజీ వేరే; చదవడం రాక, విని కంఠతా పట్టింది అప్పజెప్పింది. అందరూ నవ్వారు. రాజకుమారికి ఆ పూట అన్నం సయించలేదు.

తర్వాతి ఆదివారం చర్చిలో ప్రార్థన అయ్యాక, పాటకి తప్ప నోరు విప్పని రాజకుమారి ఆడవాళ్ల వరసలోంచి లేచి నిలబడింది.

"అయ్యగారండీ, మన పిల్లల చదువు గురించి ఒక్క మాట చెప్పుకోవచ్చాండీ?"

ఆ శుక్రవారం నఫీసా భర్త ముస్తాక్, నమాజు తర్వాత మసీదులో అదే సంగతి ఎత్తాడు. పిల్లలు తగ్గితే బడే ఎత్తేస్తారని, ఎవరూ ప్రైవేటుకి మార్చకూడదని అక్కడా ఇక్కడా మాట ఇచ్చుకున్నారు. రెండో టీచరు కావాలని, కూలి మానుకుని ఏలూరు విద్యాశాఖ ఆఫీసుకి మూడుసార్లు వెళ్లారు. మూడోసారి చర్చివాళ్లూ మసీదువాళ్లూ ఒకే వరండాలో, తెచ్చుకున్న పెరుగన్నం పంచుకుంటూ సాయంత్రందాకా కదల్లేదు. చివరికి ఆఫీసరు బయటికొచ్చి, పోస్టు వేయిస్తానన్నారు. అది జరిగి తొమ్మిది నెలలు.

పదిన్నరకి ముస్తాక్ ఫోన్ చేశాడు. కొత్త టీచరు వచ్చారట.

ఇద్దరూ ఉన్నపళంగా ఆటో ఎక్కారు. కొత్త టీచరు లక్ష్మీకాంతం బడి గుమ్మంలోకి ఎదురొచ్చారు.

"రాజకుమారిగారంటే మీరేనాండీ? మాస్టారు చెప్పారు."

పేరు చివర ఎవరూ 'గారు' అనని మనిషి. తడబడి తలమీది షెడ్డు టోపీ తీసి కిటికీ ఊచకి తగిలించింది. లోపల కెజియా నేలమీద బోర్లా పడుకుని, పలకమీద అక్షరాన్ని దిద్దుతోంది.

"మెల్లగా చెబితే వచ్చేస్తుందండీ దానికి. అరిస్తే బెదిరిపోద్ది."

"పిలవనాండీ?"

"వద్దండీ. చదువుకోనివ్వండి."

రోడ్డుమీద బెంజమిన్ రాజకుమారి సూట్‌కేసుతో ఎదురుచూస్తున్నాడు. నఫీసా ఆమె చెయ్యి పట్టుకుని ఆటోదాకా వచ్చింది.

"ఆదివారం మీ చర్చిలో నేను మాట్లాడతానక్కా. బడి బాత్రూముకి నీళ్లు రావాలి కదా."

రాజకుమారి తలూపింది. ఆటో గట్టు మలుపు తిరిగి కనుమరుగైంది.

కిటికీ ఊచకి షెడ్డు తాలూకు నీలం గుడ్డ టోపీ, ఇంకా తడి ఆరక, కొల్లేటి గాలికి మెల్లగా ఊగుతోంది.