తలగడల్లో కేక

శుక్రవారం పొద్దున జాయ్సీ ఇస్త్రీ పెట్టె ముందు నిలబడింది. శామ్యూల్ చొక్కాలు ఆరు, ప్యాంట్లు ఆరు, ఆ తర్వాత తన తెల్ల యూనిఫారాలు. ఎప్పుడూ తనవే ఆఖరు. అప్పటికి నడుం పట్టేసి ఉంటుంది కాబట్టి ముందువైపు మాత్రం రుద్ది హేంగరుకి తగిలించేస్తుంది. శామ్యూల్ మంచం మీద వెల్లకిలా పడుకుని, ఏసీ గాలికి పాదం ఆడిస్తూ అన్నాడు.

"ఏ మాటకామాటే చెప్పుకోవాలోయ్. ఆ ఇన్‌చార్జి పోస్టుకి క్రిస్టీనా అయితేనే కరెక్టు. నోరున్న పిల్ల."

ఇస్త్రీ పెట్టె కాలరు మీద కాస్త ఎక్కువసేపు ఆగింది. జాయ్సీ ఏమీ అనదని అతనికి తెలుసు. అందుకే ఆ మాట అనేసి అటు తిరిగి పడుకున్నాడు.

అరబ్బు దేశంలో హుఫూఫ్ అనే ఊరి ఆసుపత్రికి వచ్చి ఆమెకి అయిదేళ్ళయింది. రాజోలు దగ్గర పల్లెలో బడి చదువు, కాకినాడలో నర్సింగు, తర్వాత నేరుగా ఈ ఎడారి. రెండేళ్ళ తర్వాత మేట్రన్ కాళ్ళావేళ్ళా పడి, శామ్యూల్‌కి ఇదే ఆసుపత్రి స్టోర్‌లో ఉద్యోగం ఇప్పించుకుంది. ఆమె పని డయాలిసిస్ వార్డులో. వారానికి మూడుసార్లు వచ్చే ఖర్జూరం తోటల ముసలివాళ్ళూ, నల్ల బురఖాల ముసలమ్మలూ, వాళ్ళ చేతుల్లో రాళ్ళలా గట్టిపడిన రక్తనాళాలూ ఆమె లోకం. ఎవరి చేతికి ఎక్కడ సూది గుచ్చితే నొప్పి తక్కువో, ఎక్కడ గుచ్చకూడదో ఒక నోటు పుస్తకంలో పెన్సిలుతో బొమ్మలు వేసుకుంది. పేజీకో చెయ్యి, అరవై రెండు చేతులు. అదే వార్డులో నర్సుగా కొత్తగా చేరినప్పుడు తెలుగు పిల్ల క్రిస్టీనా ఆ పుస్తకం అడిగి తీసుకుని, జెరాక్స్ చేయించి, ప్లాస్టిక్ అట్ట వేయించి, "మా వార్డు పుస్తకం మేడమ్" అని మేట్రన్‌కి చూపించింది. మా వార్డు అంది, అబద్ధమేం కాదు. అయినా ఆ రోజు నుంచి జాయ్సీ గుండెలో ఒక ముల్లు ఉండిపోయింది.

తనకి అసూయ ఉందని ఆమె ఎవరి దగ్గరా ఒప్పుకోదు. కానీ క్రిస్టీనా గడ్డం పైకెత్తి నవ్వే తీరు, డాక్టర్లు ఆమెను పేరుపెట్టి పిలిచి తనని మాత్రం 'సిస్టర్' అనే తీరు, అన్నీ వరసగా గుర్తుంటాయి. మొన్నొక రోజు క్రిస్టీనా గుచ్చిన సూది ఒక ముసలమ్మకి రెండుసార్లు తప్పింది. ముసలమ్మ నొప్పితో మూలుగుతుంటే జాయ్సీకి లోపల చల్లగా అనిపించింది. ఆ చల్లదనానికి సిగ్గుపడి బాత్రూములోకి వెళ్ళి ముఖం కడుక్కుంది. సిగ్గు పోలేదు, చల్లదనమూ పోలేదు.

పదిరోజుల కిందట బోర్డు మీద నోటీసు పడింది. రెండో అంతస్తులో కొత్త డయాలిసిస్ యూనిట్ తెరుస్తున్నారు, దానికో ఇన్‌చార్జి నర్సు కావాలి. ఆ రోజు అన్నం వడ్డిస్తూ జాయ్సీ భర్తతో అంది. "నన్నడిగితే చేస్తాననే అంటానండీ." జీవితంలో ఆమె అంత స్పష్టంగా ఒక కోరిక చెప్పడం అదే మొదటిసారి. శామ్యూల్ ముద్ద నమిలి, "చూద్దాంలే" అన్నాడు. తర్వాత ఆమె ఎదురుచూసింది. బడిలో కూడా అంతే, జవాబు తెలిసినా చెయ్యెత్తేది కాదు, మాస్టారు ఎప్పుడో ఒకప్పుడు తనవైపు చూస్తారని కూర్చునేది. మేట్రన్ చూడలేదు. మంగళవారానికల్లా క్రిస్టీనా పేరు ఖాయమని వార్డంతా తెలిసిపోయింది. శనివారం పొద్దున కాగితం డైరెక్టరు దగ్గరికి వెళ్తుంది. బుధవారం ఊరి నుంచి అత్తగారు వరమ్మ ఫోన్లో, "పోన్లే అమ్మాయ్, మొగుడు కింద స్టోర్‌లో ఉంటే పెళ్ళాం పైన కుర్చీ ఎక్కితే ఏం బావుంటది" అంది. ఆ సంగతి అంత దూరాన ఆవిడకెలా తెలిసిందో అప్పుడు జాయ్సీకి తట్టలేదు.

ఈ శుక్రవారం మధ్యాహ్నం మారిసెలా గదికి పిలుపు ఉంది. మారిసెలా మెక్సికో నుంచి డయాలిసిస్ మిషన్ల మీద శిక్షణ ఇవ్వడానికి ఏడాదికని వచ్చిన నలభై ఏళ్ళ మనిషి, గొంతు గుమ్మం దాటి వినబడుతుంది. మే అయిదో తారీకున ఆఫీసువాళ్ళు ఆమె కోసం 'మెక్సికో స్వాతంత్ర్య దినోత్సవ శుభాకాంక్షలు' అని రాయించి కేకు తెస్తే, కేకు మొత్తం తిని, "ఇది ఒక యుద్ధంలో ఫ్రెంచివాళ్ళను ఓడించిన రోజు. స్వాతంత్ర్యం సెప్టెంబర్లో. అప్పుడు నేను పెడతాను రండి" అంది. ఇప్పుడు ఆ సెప్టెంబరు వచ్చింది.

నర్సుల బిల్డింగులో ఆ గది కర్టెన్ల లోపలివైపు ఆకుపచ్చ, తెలుపు, ఎరుపు కాగితాలు వేలాడుతున్నాయి. డబ్బాలో దొరికే లావు మొక్కజొన్న గింజలు వేసి మారిసెలా కోడిపులుసు కాచింది. దాని మీద ఆకుకూర తురుము, ముల్లంగి ముక్కలు, ఎర్ర కారం. జెండా రంగులన్నీ గిన్నెలో ఉన్నాయని చూపించింది. ఇద్దరు ఫిలిప్పీన్ నర్సులు, క్రిస్టీనా, జాయ్సీ, బిల్డింగు ఊడ్చే కడప రహమత్బీ నేలమీద గుండ్రంగా కూర్చున్నారు.

"మా దేశంలో ఇది పదిహేనో తారీకు రాత్రి పదకొండింటికి చేస్తారు," అంది మారిసెలా, వచ్చీరాని ఇంగ్లీషులో. "ప్రెసిడెంటు బాల్కనీలోకొచ్చి గంట కొట్టి పేర్లు కేకేస్తాడు. కిందున్న జనమంతా వీవా, అంటే వర్ధిల్లాలి, అని అరుస్తారు. రేపు మనందరికీ డ్యూటీ కాబట్టి పగలే అరుద్దాం."

"అరుస్తే ఇంకేమన్నా ఉందా మేడమ్!" రహమత్బీ గుండెల మీద చెయ్యేసుకుంది. ఆమె తెలుగులో అంటే క్రిస్టీనా ఇంగ్లీషులోకి మార్చింది. "కింద గేటు కాడ దిలావర్ భాయ్ కూసోనుండాడు. ఆడోళ్ళ గొంతు ఇంటే ఆయప్ప నేరుగా ఆఫీసుకే ఫోన్ జేస్తాడు. అంతగా అరవాలనుకుంటే దిండ్లు మూతికి పెట్టుకుని అరవండి."

అందరూ నవ్వారు. మారిసెలా నవ్వలేదు. లేచి వెళ్ళి ఉన్న తలగడలన్నీ తెచ్చి తలా ఒకటి ఇచ్చింది. అవి చాలక మిగిలినవాళ్ళకి కుర్చీ కుషన్లు ఇచ్చింది. స్టీలు గిన్నె మీద గరిటెతో టంగుమని కొట్టి, ఒక్కో పేరూ చెప్పడం మొదలుపెట్టింది. ఇదాల్గో, ఆయన దొలోరెస్ అనే ఊరి ఫాదరు, చర్చి గంట కొట్టి జనాన్ని పిలిచినవాడు. వీవా! తలగడల్లోంచి దూరంగా బస్సు వెళ్ళినట్టు ఒక మోత. మొరెలోస్. వీవా! క్రిస్టీనా అరుపు తలగడ దాటి వస్తోంది. జాయ్సీ తలగడని ముఖానికి ఆనించుకుంది గానీ అరవలేదు. బట్టకి సబ్బు వాసన. 'ఇక్కడా దీనిదే పైచెయ్యి' అనుకుంది.

"హోసెఫా!"

"ఆడమనిషా?" జాయ్సీ తలగడ దించి అడిగింది.

మారిసెలా పర్సులోంచి ఒక పాత రాగి నాణెం తీసి ఆమె అరచేతిలో పెట్టింది. దాని మీద పక్కకి తిరిగిన స్త్రీ ముఖం, మెడ దగ్గర కొప్పు.

"కెరెతారో ఊళ్ళో పెద్ద అధికారి భార్య. పన్నెండుమందికి పైగా పిల్లల తల్లి. సాహిత్యం చదువుకోవడానికని ఇంట్లో జనాన్ని కూడేసి, స్పెయిన్‌వాళ్ళ మీద తిరుగుబాటు గురించి మాట్లాడుకునేవాళ్ళు. ఆ సంగతి పైవాళ్ళకి తెలిసిపోయింది. అందరినీ పట్టుకోమని ఆమె భర్తకే ఆర్డరు వచ్చింది. ఆయనేం చేశాడో తెలుసా? ముందు పెళ్ళాన్ని గదిలో పెట్టి తాళం వేశాడు."

"చెడ్డోడా?" అంది రహమత్బీ.

"కాదు. ఆయనా లోలోపల వీళ్ళ పక్షమే. ఈవిడ నోరు జారి ప్రాణం మీదకి తెచ్చుకుంటుందని భయం. ఆవిడ మంచికే తాళం." మారిసెలా తన చెప్పు తీసి మడమతో నేల మీద మూడుసార్లు కొట్టింది. "ఆ గది కింద జైలు కాపలాదారు ఉండేవాడు. ఇలా కొడితే వచ్చాడు. తాళం కన్నంలోంచి కబురు చెప్పింది. వాడు గుర్రమెక్కి వెళ్ళి మిగతావాళ్ళను హెచ్చరించాడు. ఆ కబురు అందాకే దొలోరెస్‌లో ఫాదరు ఆలస్యం చెయ్యకుండా గంట కొట్టాడు."

"అంతటితో స్వతంత్రం వచ్చేసిందా?" రహమత్బీ అడిగింది.

"పదకొండేళ్ళు పట్టింది. ఫాదరును మరుసటి ఏడే చంపేశారు. ఆమెను ఏళ్ళ తరబడి కాన్వెంట్లలో బంధించారు. గెలిచిన తారీకు వేరే ఉంది, అది పెద్దగా ఎవరికీ పట్టదు. మేం పండగ చేసుకునేది కేక వేసిన రోజుకి."

అందరూ మళ్ళీ పులుసు మీద పడ్డారు. జాయ్సీ నాణెం పట్టుకునే ఉంది. ఆమెకి ఆ కొప్పు మనిషి మీద కోపమొచ్చింది. రెండువందల ఏళ్ళ కిందటి మనిషి మీద, సముద్రాలవతల మనిషి మీద ఇంత అసూయేమిటని తనకే వింతగా ఉంది. ఆవిడకేం, మడమతో మూడు దెబ్బలు కొట్టింది. కింద వినేవాడు ఒకడున్నాడు. ఏటా దేశమంతా ఆవిడ పేరు పెట్టి అరుస్తుంది. నాణేల మీద బొమ్మ వేశారు. నేను రోజుకి ఎన్నిసార్లు కొడుతున్నాను? గిన్నెలు విసురుగా సింకులో పడేస్తాను, పచ్చడి బండతో గట్టిగా దంచుతాను, వార్డులో బీరువా తలుపు టపామని వేస్తాను. ఆ చప్పుళ్ళన్నీ పనిచేస్తున్న చప్పుళ్ళుగానే వినబడతాయి అందరికీ. ఎవరికి వినబడాలని కొడుతున్నానో నాకైనా తెలుసా? ఆవిడ మడమతో కొట్టి ఊరుకోలేదు. మనిషి రాగానే తాళం కన్నానికి నోరు పెట్టి మాట చెప్పింది. ఆ ముక్క తట్టగానే అసూయ ఇంకా మండింది.

గిన్నెలు కడగడానికి లేస్తే క్రిస్టీనా వెనకే వచ్చింది. పంపు తిప్పి, ఆ నీళ్ళ చప్పుడులో, "ఒక మాటడుగుతా, కోప్పడకండి అక్కా. మీరెందుకు వద్దన్నారు?" అంది.

"ఏది?"

"అదే, ఇన్‌చార్జి పోస్టు. మేట్రన్ మేడం ముందు మిమ్మల్నే అనుకుంది. శామ్యూల్ అన్నయ్య వచ్చి, మా ఆవిడకి ఇష్టం లేదు, రెండో బిడ్డ కోసం చూస్తున్నాం, తను అడగలేక నాతో చెప్పించింది అన్నారంట. తర్వాతే కదా నన్ను పిలిచారు."

రెండో బిడ్డ. మొదటి బిడ్డే కడుపులో నాలుగో నెలకే పోయింది. జాయ్సీ చేతిలోని పళ్ళెం సింకులో పెట్టి ఇటు తిరిగింది.

"నేను వద్దనలేదు."

ఎప్పుడూ పైకెత్తి ఉండే క్రిస్టీనా గడ్డం మొదటిసారి కిందికి దిగింది. "మా అమ్మకి ఫోన్ చేసి చెప్పేశాను అక్కా. మా చర్చిలో ప్రార్థన కూడా పెట్టించేసింది." పంపు కట్టేసింది. "మీరెళ్ళి చెబితే నేనేమీ అనుకోను... ఎందుకనుకోను, అనుకుంటాను. వారం రోజులు మీతో మాట్లాడను కూడా. కానీ చెప్పండి."

జాయ్సీకి ఆ పిల్లను చూస్తే మళ్ళీ అసూయ వేసింది. ఇంత కష్టమైన మాట కూడా ఎంత తేలిగ్గా నోట్లోంచి వస్తుంది దీనికి. కానీ ఈసారి ఆ అసూయలో ముల్లు లేదు, ఆకలి ఉంది.

సాయంత్రం శామ్యూల్ గేటు దగ్గర దిలావర్‌తో కబుర్లు చెబుతూ నిలబడ్డాడు. జాయ్సీ రాగానే భార్యాభర్తలిద్దరూ ఇంటివైపు నడిచారు. దారిలో ఆమె అడిగింది. అతను తప్పించుకోలేదు.

"అవును, చెప్పాను. ఇప్పుడేమైంది? పదిమందిని అజమాయిషీ చెయ్యాలి, డాక్టర్లతో పోట్లాడాలి. నీ వల్ల అవుద్దా? రేపు ఏడ్చుకుంటూ ఇంటికొస్తే సముదాయించేది ఎవరు? నీ మంచికేనోయ్."

"నేను చేస్తానని మీతో చెప్పాను."

"నువ్వన్నీ చేస్తానంటావ్." అతను నవ్వేడు. "స్టోర్‌లో అప్పుడే మొదలెట్టేశారు, ఇకనించి గ్లవుజుల డబ్బాలకి మీ ఆవిడ సంతకం కావాలా బాబూ అని. నా సంగతి కూడా చూడాలి కదా. సర్లే, రేపు కొత్త కూరగాయలేవో తెస్తాను, గుత్తొంకాయ చెయ్యి."

శనివారం ఎనిమిదింటికి జాయ్సీ మేట్రన్ గదిలోకి వెళ్ళింది. ఈజిప్టు ఆవిడ, ముఖం గట్టిగా ఉన్నా కళ్ళు నెమ్మది. జాయ్సీ కూర్చోలేదు. కూర్చుంటే మాట పోతుందని భయం.

"ఆ పోస్టు నేను వద్దనలేదు మేడమ్. నాకు కావాలి."

మేట్రన్ కళ్ళజోడు తీసింది. సొరుగులోంచి ఫైలు తీసి తిప్పింది. అందులో జాయ్సీ పేరు కింద, 'కుటుంబ కారణాల వల్ల నిరాకరించింది' అని ఒక వాక్యం ఉంది. తను పలకని మాట, తన పేరు కింద, ఆసుపత్రి ముద్రతో.

"కాగితం పదింటికి వెళ్తుంది," అంది మేట్రన్. "రెండు పేర్లూ పంపగలను. క్రిస్టీనా పేరు ముందుంది. డైరెక్టరు ఎవరిని తీసుకుంటాడో నేను మాటివ్వలేను."

"పంపండి మేడమ్."

"అయితే ఈ లైను కొట్టెయ్యాలి. కొట్టేస్తే పక్కన కారణం రాయాలి." ఆవిడ పెన్ను మూత తీసి, కాస్త గొంతు తగ్గించింది. "నీ భర్త కూడా ఇక్కడే పనిచేస్తాడు కదా. పొరపాటుగా అర్థం చేసుకున్నాడని రాస్తాను. అతనికి ఇబ్బంది ఉండదు. సరేనా?"

అద్దం తలుపుకి అవతల స్టోర్ వరండాలో శామ్యూల్ అట్టపెట్టె ఎత్తుకుని నిలబడిపోయి లోపలికే చూస్తున్నాడు. నిన్న ఆమె ఇస్త్రీ చేసిన నీలం చొక్కా, కాలరు నిటారుగా ఉంది. ఆమె ఎప్పటిలాగే తలూపుతుందని అతని ముఖంలో నమ్మకం కనిపిస్తూనే ఉంది. మూడేళ్ళుగా ఇక్కడ అతని కోసం ఆమె చెప్పిన పొరపాట్లు చాలా ఉన్నాయి. ఆలస్యంగా వస్తే బస్సు పొరపాటు, ఎవరినైనా కసిరితే తలనొప్పి పొరపాటు. ఇంకొకటి చెప్పడం పెద్ద కష్టమేం కాదు.

మేట్రన్ పెన్ను కాగితం మీద పెట్టింది.

"పొరపాటు కాదు మేడమ్," అంది జాయ్సీ. "నా భర్త అబద్ధం చెప్పాడు. అలాగే రాయండి."