చంద్రుణ్ణి మూసిన ముఖం

నేను ఒక చేతిగడియారాన్ని. నన్ను వాచీ అంటే ఒళ్ళు మండుతుంది. బస్టాండు పక్కన తోపుడుబండి మీద చలవ కళ్ళజోళ్ళతో కలిపి అమ్మేవాటిని వాచీలంటారు. నేను పుట్టింది మంచుకొండల మధ్య, మాట్లాడితే నోట్లోంచి ఆవిరి వచ్చే ఊళ్ళో. అక్కడ ఒక ముసలాయన కంటికి భూతద్దం తగిలించుకుని, రోజంతా నోరు విప్పకుండా, పదకొండు నెలలు కూర్చుని నన్ను తయారు చేశాడు.

నా రూపం సంగతి నేనే చెబుతాను. వేరేవాళ్ళు చెబితే పొగడ్తే అవుతుంది. నా డయలు ముదురు నీలం. దాని మీద అంకెలు లేవు, పన్నెండు సన్నటి గీతలే ఉంటాయి. పై గీత కింద రెక్కలు విప్పిన కొంగ మా కంపెనీ గుర్తు. కింద, ఆరు ఉండాల్సిన చోట, గోరంత కిటికీ ఉంది. ఆ కిటికీలో చంద్రుడు పెరుగుతాడు, తరుగుతాడు. ఆకాశంలో ఎంత ఉంటే ఇక్కడా అంతే. నూట ఇరవై రెండేళ్ళకు ఒక్క రోజు తేడా వస్తుంది. ముసలాయన గర్వమంతా ఆ కిటికీలోనే ఉండేది, నాదీ అక్కడే ఉంది.

లోపాలూ లేకపోలేదు. నేను మరీ లావు, చొక్కా చేతి కింద ఇమడను. రెండు వందల మీటర్ల లోతు నీళ్ళలో మునిగినా నాకేమీ కాదని వీపు మీద చెక్కారు కానీ, నన్ను కట్టుకున్నవాళ్ళలో చినుకు పడితే గొడుగు కింద దూరని వాడు లేడు. ఆ కొంగ కూడా పెద్దదైపోయింది. సొంత దేశంలో అమ్మే గడియారాల మీద మా కంపెనీవాళ్ళు దాన్ని ఆవగింజంత వేస్తారు. మన దేశానికి పంపేవాటి మీద శనగగింజంత వేస్తారు. ఇక్కడ గడియారం కనబడాల్సింది కట్టుకున్నవాడికి కాదు, ఎదురుగా కూర్చున్నవాడికని వాళ్ళు కనిపెట్టేశారు. కొంగ అంటే ఓపిక అని ముసలాయన నమ్మకం. ఇక్కడికొచ్చాక దాని అర్థం ధర ఒక్కటే.

హైదరాబాదులో నన్ను మొదట కొన్నవాడు రోడ్ల కాంట్రాక్టరు చక్రధర్. మీటింగులో కూర్చోగానే చొక్కా చేతిని రెండంగుళాలు వెనక్కి లాగి, మోచెయ్యి బల్ల మీద ఆనించి, ఎదుటివాడి కళ్ళు నా మీద పడేదాకా మాట మొదలెట్టేవాడు కాదు. టైము కావాలంటే మాత్రం డ్రైవర్ని అడిగేవాడు. డ్రైవరు తన ప్లాస్టిక్ వాచీ చూసి చెప్పేవాడు. ఏడాదిన్నరలో నన్ను ఎవరూ టైము అడగలేదు, అందుకు నేను బాధపడనూ లేదు. టైము చెప్పడం కూలివాళ్ళ పని అనుకునేదాన్ని.

చక్రధర్ నన్ను పెట్టెతో సహా మంత్రి నరహరికి ఇచ్చాడు. ఎందుకిచ్చాడో తర్వాత ఆయన వేసిన రోడ్డు మీద ప్రయాణం చేసినవాళ్ళకు తెలుస్తుంది. నరహరి పెట్టె తెరిచి, కొంగను చూసి, మూసేసి బీరువా సొరుగులో పెట్టించాడు. ఆ సొరుగులో నాలాంటివాళ్ళం పదమూడుగురం. మాకు బ్యాటరీలుండవు. చెయ్యి కదిలితేనే మాకు ప్రాణం, చెయ్యి లేకపోతే రెండు రోజుల్లో ఆగిపోతాం. పదమూడు గడియారాలమూ పదమూడు వేర్వేరు టైముల దగ్గర చచ్చి పడున్నాం.

అక్కడినుంచి నన్ను బయటికి తీయించినవాడు చింతకింది మార్కండేయులు. తుమ్మలపేటలో ఫ్లెక్సీలు ప్రింటు చేసే షాపు ఆయనది. ఇరవై రెండేళ్ళుగా ఆ ఊళ్ళో పార్టీని మోసిందీ ఆయనే. నరహరి పుట్టినరోజుకు, పెళ్ళిరోజుకు, పరామర్శకు, ప్రమాణస్వీకారానికి నలభై అడుగుల నుంచి నాలుగడుగుల దాకా అన్ని సైజుల్లో నరహరి ముఖం వేశాడు. తన ముఖం మాత్రం ఎప్పుడూ ఫ్లెక్సీ కింది వరసలో, పదిహేను ముఖాల మధ్య, తపాలా బిళ్ళంత. మనిషికి ఉన్న కోరిక ఒక్కటే. తన ముఖం ఒక్కసారి పెద్దగా వెయ్యాలి, దానికింద 'మీ అభ్యర్థి' అని ఉండాలి.

ఆ ఏడు ఎమ్మెల్యే టికెట్టు ఖాయమని చెప్పి వేరేవాళ్ళకిచ్చారు. మొహం వేలాడేసుకుని వచ్చిన మార్కండేయుల్ని నరహరి పక్కన కూర్చోబెట్టుకుని, సొరుగు తెరిపించి, చేతికి మొదట అందినదాన్ని తీశాడు. అది నేను.

"ఈసారికి కుదర్లేదు మార్కండేయులూ. ఇది నా చేతిది. నీ చేతికుంటే నేను పక్కనున్నట్టే అనుకో" అన్నాడు.

నేను ఆయన చేతికి ఒక్క పూట కూడా ఉండలేదు. మార్కండేయులు మాత్రం కళ్ళనీళ్ళు పెట్టుకుని, నన్ను కళ్ళకద్దుకుని ఊరికి బయల్దేరాడు. బస్సులో ఉన్నంతసేపూ నన్ను రుమాలులో చుట్టి జేబులో పెట్టుకున్నాడు. నాకు నవ్వొచ్చింది. ఇంత పెద్దమనిషిని ఇంత సులువుగా కొనెయ్యొచ్చా అనుకున్నాను. ఆయన మీద జాలి పడాలని నాకు తట్టలేదు.

ఊళ్ళోకి వచ్చిన వారంలోనే నా మీద ఆయన చెయ్యి పడింది. కంప్యూటరు ముందు కూర్చుని నరహరి ఫొటోని కుదించి, కుదించి, మినపగింజంత చేశాడు. ఇరవై రెండేళ్ళ అనుభవం కదా, అంత చిన్నదాంట్లోనూ మీసం స్పష్టంగా వచ్చింది. దాన్ని స్టిక్కరు కాగితం మీద వేసి, పైన మెరుపు పొర అతికించి, వాచీల మరమ్మతు చేసే మస్తాన్ వలీ దగ్గరికి తీసుకెళ్ళాడు. ఎక్కడ అతికించాలని అతను అడిగితే, కొంగ జోలికి వెళ్ళొద్దన్నాడు. కొంగ పోతే ఇది ఏ కంపెనీదో జనానికి ఎలా తెలుస్తుంది మరి. కింద ఖాళీగా ఉన్న కిటికీ మీద పెట్టమన్నాడు.

ఖాళీ అట. ఆరోజు శుద్ధ దశమి, కిటికీలో చంద్రుడు నిండుతున్నాడు. మస్తాన్ వలీ నా అద్దం ఊడదీసి, పట్టకారుతో నరహరి ముఖాన్ని తెచ్చి చంద్రుడి మీద బిగించాడు. ఆ పూట నాకు కలిగిన అవమానం పదమూడు గడియారాల సొరుగులో కూడా కలగలేదు. ఆ రోజు నుంచి నేను మార్కండేయుల పతనం కోసం ఎదురుచూశాను. ఇది దాచుకోను.

ఐదేళ్ళు చూశాను. నామినేషన్లకు చివరి రోజు రేపనగా, సాయంత్రం పార్టీ నుంచి బీఫారం వచ్చింది. ఈసారి నిజంగానే టికెట్టు ఆయనకే. మార్కండేయులు బీఫారాన్ని దేవుడి దగ్గర పెట్టి, షాపుకెళ్ళి, నలభై అడుగుల ఫ్లెక్సీ వేసుకున్నాడు. మిషను లోంచి ముందు జుట్టు, తర్వాత నుదురు, తర్వాత కళ్ళు మెల్లగా బయటికొస్తుంటే ఆయన భార్య భాగ్యవతి పక్కన నిలబడి చూసింది. "మీ చెవులు ఇంత పెద్దవని నాకు తెలీదండీ" అంది. ఇద్దరూ నవ్వుకున్నారు. నామినేషన్ వేసి బయటికి రాగానే సెంటర్లో దాన్ని లేపాలని, వెదురుబొంగులు ముందే పాతించారు.

సిద్ధాంతి పంచాంగం చూసి, మధ్యాహ్నం రెండూ నలభై ఐదు దాకా వర్జ్యం ఉందనీ, రెండూ నలభై ఆరుకి కుడికాలు ముందు పెట్టి బండి దిగాలనీ చెప్పాడు. మూడింటికి నామినేషన్ల ఆఫీసు గేటు మూసేస్తారని ఎవరో గుర్తు చేస్తే, పద్నాలుగు నిమిషాలు చాలవా అన్నాడు. ఇంకో మాట కూడా చెప్పాడు. ఒక్క గడియారమే చూడాలి, నలుగురి గడియారాలూ చూస్తే ముహూర్తం చెదిరిపోతుందని. ఏ గడియారం చూడాలో మార్కండేయులు ఎవర్నీ అడగలేదు. తెల్లారి ఐదింటికి టీవీలో టైము చూసి నన్ను సరిచేసి, చేతికి కట్టుకున్నాడు.

అది మండుటెండల కాలం. పైకప్పు లేని జీపులో నిలబడి, చెయ్యి పైకెత్తి, ఊరంతా తిరిగాడు. నన్ను జనానికి చూపించాలని ఆ చెయ్యి దించనే లేదు. అద్దం కింద నేను ఉడికిపోయాను. ఎనిమిదిన్నర వేళ స్టిక్కరు జిగురు కరిగి, నరహరి ముఖం అంచు లేచింది. నా పెద్దముల్లు అటుగా వచ్చి ఆయన చెంపకు తగిలి ఆగింది. లోపల చక్రాలు తిరుగుతూనే ఉన్నాయి, ముల్లు మాత్రం కాసేపు కొట్టుకుని, ఎలాగో దాటుకుని ముందుకెళ్ళింది. తొమ్మిదిన్నరకు మళ్ళీ అంతే. పదిన్నరకు మళ్ళీ. ప్రతి గంటకూ నరహరి చెంప దగ్గర నాకు నిమిషమో, ఒకటిన్నరో, రెండో పోతున్నాయి. నేను గట్టిగా ఆగి ఉంటే మార్కండేయులు గమనించేవాడేమో. వెనకబడుతూ నడవడమే మేలనిపించింది.

జీపు వచ్చి ఆఫీసుకు వంద మీటర్ల ఇవతల, పోలీసులు గీసిన గీత దగ్గర ఆగింది. మార్కండేయులు సీట్లో కూర్చుని కళ్ళార్పకుండా నన్ను చూస్తున్నాడు. ఐదేళ్ళలో ఆయన నన్ను టైము కోసం చూడటం అదే మొదలు. నామీద రెండూ ముప్ఫై తొమ్మిది. చుట్టూ ఉన్న యాభైమంది చేతుల్లో ఫోన్లున్నాయి. ఆ ఫోన్లలో ఎంతయిందో వాళ్ళకు తెలుసు. ఒకడు ఫోను చూసి పక్కవాడికి చూపించాడు, పక్కవాడు జేబులో పెట్టుకోమని సైగ చేశాడు. ముహూర్తం వేళ అన్నకు ఎదురు చెప్పిన పాపం తనకెందుకని ప్రతివాడూ ఊరుకున్నాడు.

భాగ్యవతి ఒక్కతే వంగి భర్త చెవిలో చెప్పింది. "ఏవండీ, ఫోన్లో రెండూ యాభై అయింది. వర్జ్యం ఎప్పుడో పోయింది. దిగండి."

"ఫోను ఎవడైనా కొంటాడు భాగ్యం. ఇది నరహరన్న చేతిది" అన్నాడాయన.

ఆమె ఇంకోసారి చెప్పింది. ఆయన నా మీంచి చూపు తిప్పలేదు. నామీద రెండూ నలభై ఆరు పడేసరికి ఊరి టైము రెండూ యాభై ఏడు. కుడికాలు పెట్టి దిగాడు, కొబ్బరికాయ కొట్టాడు. అది సరిగ్గా పగల్లేదని రెండోది తెప్పించి కొట్టాడు. మెడలో దండలతో, చేతిలో బీఫారంతో నడిచాడు. గేటు దగ్గరికి వచ్చేసరికి తలుపు వేసి ఉంది. సీఐ సెల్యూట్ చేసి, "మూడు దాటింది సార్, లోపలికి పంపితే నా ఉద్యోగం పోద్ది" అన్నాడు. మార్కండేయులు చెయ్యెత్తి నన్ను చూపించాడు. నామీద రెండూ యాభై అయింది. సీఐ కొంగను చూశాడు, వెనక్కి తిరిగి గోడకున్న ప్లాస్టిక్ గడియారాన్ని చూశాడు. మార్కండేయులు గేటు చువ్వలు పట్టుకుని, ఆఫీసరమ్మని పిలవమని బతిమాలాడు. ఆమె వరండాలోకి వచ్చి తల అడ్డంగా ఊపి లోపలికి వెళ్ళిపోయింది. ఆయన అక్కడే, మెట్టు మీద, దండలతోనే కూలబడ్డాడు.

నేను ఆనందించాను. ఆ మెట్టు మీద ఆయన చెయ్యి వణుకుతుంటే, ఆ వణుకుకే నేను ఇంకా బాగా నడిచాను.

సాయంత్రానికి నరహరి ఫోను చేశాడు. కోప్పడలేదు. దైవసంకల్పం అన్నాడు. ఎందుకైనా మంచిదని తన మేనల్లుడు తేజోవర్ధన్ పేరుతో డమ్మీ నామినేషన్ ముందే వేయించి ఉన్నారు కదా, ఇక అభ్యర్థి అతనే అన్నాడు. "నువ్వు మనసులో ఏం పెట్టుకోకు. ఫ్లెక్సీలన్నీ నీ దగ్గరే" అన్నాడు. సెంటర్లో పాతిన వెదురుబొంగుల మీద మర్నాడు తేజోవర్ధన్ ముఖం లేచింది. దాన్ని వేసింది మార్కండేయులే. ఆయన ముఖం నలభై అడుగులూ చుట్ట చుట్టి షాపు మూలన నిలబెట్టి ఉంది. భాగ్యవతి ఆ మూలకేసి చూడటం మానేసింది.

వారం రోజులు ఆయన ఒకే మాట మీద ఉన్నాడు. ఆఫీసు గడియారమే ముందుందనీ, తన గడియారం తప్పు కాదనీ. కోర్టుకెళ్తానన్నాడు. ఈ గడియారం సరిగ్గా నడుస్తోందని తెలిసినవాడి చేత రాయించుకు రమ్మని వకీలు చెబితే, భార్యను వెంటబెట్టుకుని మస్తాన్ వలీ దగ్గరికి వచ్చాడు. మస్తాన్ వలీ నన్ను విప్పి, కంటికి భూతద్దం పెట్టుకుని, చాలాసేపు చూశాడు. తర్వాత భూతద్దం తీసి ఆయన చేతికిచ్చాడు.

"చూడు సేటూ. గడియారంలో లోపం లేదు. అంచు లేచింది, ముల్లు దీనికి కొట్టుకుంటోంది. చెంప మీద గీత పడింది కనపడుతోందా? ఇది పీకేస్తే సరిపోద్ది."

మార్కండేయులు భూతద్దం పెట్టుకుని వంగాడు. ఆయన కన్ను నాకు ఇంత పెద్దగా ఎప్పుడూ కనబడలేదు. అన్నీ అర్థమయ్యాయి ఆయనకి, ఆ కంట్లో నీళ్ళు ఊరడం నేను చూశాను. ఇరవై ఏడేళ్ళు, గేటు, మెట్టు, మూలనున్న చుట్ట, అన్నీ ఆ చిన్న గీత దగ్గరికొచ్చి ఆగాయి. భాగ్యవతి భర్త నోటికేసి చూస్తోంది. నాక్కూడా ఆశ కలిగింది. పట్టకారు ఒక్కసారి పడితే నా చంద్రుడు నాకు వస్తాడు.

ఆయన భూతద్దం కింద పెట్టి, కళ్ళు తుడుచుకున్నాడు. "అన్నని పీకుతామా మస్తానూ" అన్నాడు మెల్లగా. "ముల్లే కాస్త కత్తిరించు."

మస్తాన్ వలీ మొదట ఒప్పుకోలేదు. ఇంత సరుకుని పాడు చెయ్యడానికి చేతులు రావన్నాడు. భాగ్యవతి స్టూలు మీంచి లేచి, చెప్పులు వేసుకుని, ఎవరికోసమూ ఆగకుండా ఎండలోకి వెళ్ళిపోయింది. మార్కండేయులు కదల్లేదు. చివరికి మస్తాన్ వలీ సన్న కత్తెర తీశాడు. పదకొండు నెలలు కూర్చుని ముసలాయన నునుపు చేసిన పెద్దముల్లు రెండు ముక్కలైంది. చిన్నముల్లంత పొడవే మిగిలింది. ఇప్పుడు నాలో ఏది గంటో, ఏది నిమిషమో నాకే తెలియదు.

అంచును కొత్త జిగురుతో అదిమి, అద్దం బిగించి, మస్తాన్ వలీ నన్ను ఇచ్చేశాడు. మార్కండేయులు కట్టుకున్నాడు. ముళ్ళకేసి చూడలేదు. నరహరి ముఖాన్ని బొటనవేలితో అద్దం మీంచి తుడిచి, "ఇప్పుడేమీ అడ్డం లేదు" అన్నాడు. ఆ వేలు నా మీద తిరుగుతున్నంతసేపూ, ఆ ముఖం కోసం ఇంకేం కత్తిరిస్తాడోనని నాకు భయమేసింది.