బియ్యం డ్రమ్ము వెనక

బాలమ్మ చివరి మంచం దుప్పటి కొసలు పరుపు కిందికి బిగించి తోసింది. ఎత్తి దోపుకున్న చీర మోకాళ్ల దాకా తడిసిపోయింది. సబ్బునీళ్లలో నాని వేళ్ల కొసలు ముడతలు పడ్డాయి.

కొండాపూర్ సందులో సైనికుల పిల్లల కోసం నడిచే చిన్న బడికి ఆమె ఆయా. తండ్రులు సరిహద్దుల్లో ఉంటే పిల్లలు ఇక్కడే తిని, ఇక్కడే పడుకుని చదువుకుంటారు. ఖర్చంతా సర్కారు గ్రాంటే. ఈ ఏడు అది ఇంకా రాలేదు. అధికారి చూసి రాస్తేనే వస్తుంది, లేకపోతే బడికి తాళమే. ఆయన ఇవాళే వస్తున్నాడన్న కబురు, పిల్లల్ని గోల్కొండ చూపించడానికి తీసుకెళ్లిన బస్సు కదిలాక గానీ తెలియలేదు. అప్పటినుంచి బాలమ్మ కాలుగాలిన పిల్లిలా తిరుగుతోంది.

మిగతా పిల్లలకు తల్లులైనా ఉన్నారు. పింకీకి ఉన్నది కశ్మీర్‌లో పనిచేసే తండ్రి ఒక్కడే. బాలమ్మ కొంగు పట్టుకోనిదే రాత్రి ఆ పిల్లకు నిద్రరాదు. బడి మూసేస్తే దీన్ని ఎవరు చూస్తారన్నదే ఆమె భయం.

మురికి కనబడితే గ్రాంటు ఆపేస్తారేమోనని గోడమీది పెన్సిలు బొమ్మలు రుద్ది కడిగింది. తీగమీది తడిబట్టలు, చెప్పులు, చిరిగిన ఆటబొమ్మలు పాత చీరలో మూటగట్టి వంటింట్లో బియ్యం డ్రమ్ము వెనక దాచింది.

అధికారి వచ్చి గదంతా చూశాడు. ఎదుటి అద్దాల ఆఫీసుల వెలుగు పడి, కడిగిన గోడ మరీ తెల్లగా ఉంది.

"ఇక్కడెవరూ ఉంటున్నట్టు లేదేంటండీ?" అన్నాడు ప్రిన్సిపాల్ రజితతో.

"పిల్లలు గోల్కొండ వెళ్లారు సార్. సాయంత్రానికి వచ్చేస్తారు."

"వెళ్లొచ్చండీ. ఒక్క చెప్పైనా ఉండాలి కదా. లేని పిల్లల పేరు మీద గ్రాంటు తినేవాళ్లను చాలామందిని చూశాను."

బాలమ్మ వంటింట్లోకి ఉరికి మూట లాక్కొచ్చి ఆయన ముందు విప్పింది.

"ఇగో సార్, ఇవన్నీ పోరగాండ్లయే. గలీజ్ కనబడొద్దని నేనే దాచిన."

ఆయన తడిబట్టలనూ ఆమెనూ మార్చిమార్చి చూశాడు. "నేనొచ్చాక ఎక్కణ్నుంచి తెచ్చారమ్మా ఇవి?" అని నెమ్మదిగానే అడిగి, సమాధానం కోసం ఆగకుండా బయటికి నడిచాడు. సాయంత్రం దాకా ఉండమని రజిత కారు వరకూ వెంటపడింది. ఆయనకు ఇంకెక్కడో పని ఉందట. ఒళ్లు హూనం చేసుకుని చేసిన పనే కొంప ముంచిందని బాలమ్మ గుమ్మంలో కూలబడి ఏడ్చింది.

సాయంత్రం పింకీ వస్తూనే గోడ వైపు చూసింది.

"ఆయమ్మా, నా బొమ్మేది?"

"నేనే కడిగేసిన బిడ్డా."

గ్రాంటు రాలేదు. రజిత ఆఫీసుల చుట్టూ తిరుగుతుండగానే పిల్లలు ఒక్కొక్కరే వెళ్లిపోయారు. పింకీని వరసకు మేనత్త అయ్యే ఆవిడెవరో వచ్చి మెదక్ తీసుకెళ్లింది. ఒక చెప్పు ఎంత వెతికినా దొరకక పిల్ల బడి బూట్లతోనే ఆటో ఎక్కింది. బాలమ్మ కొంగు మాత్రం ఆటో కదిలేదాకా వదల్లేదు.

తాళాలు అప్పజెప్పే రోజు బాలమ్మ ఖాళీ డ్రమ్ము పక్కకు జరిపింది. వెనక, గోడకు ఆనుకుని, తెగిన పట్టీకి తాను పెట్టిన పిన్నీసుతో పింకీ రబ్బరు చెప్పు నిలబడి ఉంది.