బెల్టు లేని క్లిప్పు

నేను ఒక ఇనుప ముక్కను. బొటనవేలంత ఉంటాను. కారు సీటు బెల్టు చివర ఉండే క్లిప్పుకీ నాకూ పోలికలో తేడా ఏమీ లేదు, నా వెనకాల బెల్టు ఉండదు, అంతే. బెల్టు పెట్టుకోకపోతే కారు కుయ్యి కుయ్యి మని గోల పెడుతుంది కదా, ఆ గోల భరించలేని పెద్దమనుషులు నన్ను కొనుక్కుంటారు. సీటు పక్కన సందులో నన్ను దూరిస్తే చాలు, మనిషి బెల్టు పెట్టుకున్నాడనుకుని కారు నోరు మూసుకుంటుంది. అబద్ధమాడడానికే పుట్టినదాన్ని. ఈ సంగతి మొదట్లో నాకు సిగ్గుగా ఉండేది కాదు.

ఒంగోలులో ఒక కారు సామాన్ల కొట్లో సెంటు సీసాల పక్కన వేలాడుతుంటే మాల్యాద్రి మాస్టారు నన్ను ఏరుకున్నాడు. అదే చేత్తో, ప్రయాణంలో చల్లగా చూడమని అద్దానికి కట్టుకునే దేవుడి బొమ్మ కూడా కొన్నాడు. మమ్మల్నిద్దర్నీ ఒకే కవర్లో వేసి ఇచ్చారు.

మాస్టారు హైస్కూల్లో భౌతికశాస్త్రం చెబుతాడు. మంచివాడే. బెల్టు పెట్టుకుంటే మెడ దగ్గర ఒరుసుకుంటుందని ఆయన బాధ. కూతురు సుహితకి పద్దెనిమిది నిండగానే ఎల్.ఎల్.ఆర్. తీయించి, ఊరి బయట ప్లాట్లు వేసి వదిలేసిన వెంచర్లో తెల్లారగట్లే కారు నేర్పడం మొదలుపెట్టాడు. ఆయన నేర్పే పద్ధతి చూస్తే ముచ్చటేసేది. కూర్చోగానే ముందు బెల్టు, తర్వాత అద్దాలు, ఆ తర్వాతే తాళం. మలుపు దగ్గర ఎవరూ లేకపోయినా ఉన్నట్టే అనుకోవాలి. ఎదురుగా ఏదైనా అడ్డమొస్తే హారన్ మీద చెయ్యి కాదు, ముందు బ్రేకు మీద కాలు. ఇవన్నీ చెప్పేటప్పుడు ఆయన పక్క సీట్లో కూర్చునేవాడు. అంతకుముందే నన్ను ఇటువైపు సందులోకి మార్చేవాడు. ఆ పిల్ల ఒకసారి అడిగింది, నీ బెల్టో నాన్నా అని. నేను నడపడం లేదుగా అన్నాడు మాస్టారు. పిల్ల నమ్మింది. నాన్న చెప్పిందంతా నమ్మే పిల్ల అది.

ఒకరోజు వెంచర్ దాటి తారు రోడ్డెక్కించాడు. కాస్త దూరం బాగానే పోయింది. ఇంతలో పక్క సందులోంచి పాలక్యాన్ల మోపెడ్ ఒకటి, అటూ ఇటూ చూడకుండా సరాసరి రోడ్డు మీదికొచ్చింది. సుహిత హారన్ జోలికి పోలేదు. నేర్పింది నేర్పినట్టు బ్రేకు తొక్కింది. కారు ఠక్కున ఆగింది. పాలాయన తనకేం తప్పిందో కూడా తెలియకుండా వెళ్ళిపోయాడు. మాస్టారు మాత్రం ఆగలేదు. ఎగిరి ముందున్న డ్యాష్‌బోర్డుకి మూతి కొట్టుకున్నాడు. కింది పెదవి చీలింది, పై పన్ను విరిగింది, కళ్ళజోడు ఎక్కడో పడింది.

పిల్ల బండి కట్టేసి, ఇటు తిరిగి "నాన్నా" అంటూ ఏడుస్తోంది. ఆయన ఒక చేత్తో మూతి పట్టుకుని, రెండో చేత్తో ముందు చేసిన పని ఏమిటో తెలుసా? నన్ను లాగి చొక్కా జేబులో వేసుకున్నాడు. రక్తం తుడుచుకోవడం ఆ తర్వాతే.

దారిన పోయే ఆటోలో ఆస్పత్రికి తీసుకెళ్ళారు. ఆయన భార్య కోటేశ్వరి పరుగున వచ్చి, మూతి నిండా కుట్లు చూసి కూతురి మీద విరుచుకుపడింది.

"నిన్ను కారు నేర్చుకోమంటే నాన్న మూతి పగలగొడతావా? బ్రేకు అంత గట్టిగా ఎవరు తొక్కమన్నారు?"

మాస్టారు కళ్ళు దించుకున్నాడు. కుట్ల వల్ల పాపం మాట్లాడలేకపోతున్నాడని అందరూ అనుకున్నారు. తర్వాత కుట్లు విప్పారు. ఆయన బడికి పోయి పాఠాలు చెప్పాడు, కూరగాయల దగ్గర బేరాలాడాడు, ఈ ఒక్క మాట మాత్రం చెప్పలేకపోయాడు. కందుకూరు నుంచి పెద్దమ్మ ఫోన్ చేసినప్పుడల్లా మా డ్రైవరమ్మ ఇంకెవరి పళ్ళు రాలగొట్టిందని నవ్వేది. సుహిత కూడా నవ్వి గదిలోకి వెళ్ళిపోయేది. మళ్ళీ కారు ముట్టుకోలేదు. కారు గేటు లోపల దుమ్ము కొట్టుకుపోతోంది. నన్ను ఎక్కడైనా పారేద్దామని ఆయన ఎన్నిసార్లు జేబులోంచి తీశాడో! పారేయలేక ప్రతి పొద్దున్నా మార్చిన చొక్కా జేబులోకి మార్చుకునేవాడు. ఆ జేబులో పడి నేను కుమిలిపోయాను. ఆ రోజు ఒక్కసారి ఆ కారుని నోరు విప్పనిచ్చి ఉంటే ఈ పిల్లకి ఈ బాధ ఉండేది కాదు.

లైసెన్సు పరీక్షకి వెళ్ళనని సుహిత చెప్పేసింది. "నా చేతికి బండి ఇవ్వకండి. నాకు భయం" అంది. ఆ మధ్యాహ్నమే మాస్టారు తొమ్మిదో తరగతిలో జడత్వం పాఠం చెప్పాల్సి వచ్చింది. ఏళ్ళ తరబడి చెబుతున్న ఉదాహరణే. బస్సు ఆగుతుంది, లోపలున్న మనం ఆగం, అందుకే ముందుకి తూలుతాం. అక్కడిదాకా చెప్పి ఆగిపోయాడు. ఆయన చెయ్యి జేబు మీదికొచ్చింది. మిగతా పాఠం రేపు చెబుతానని కుర్చీలో కూలబడ్డాడు.

సాయంత్రం ఇంటికొచ్చి, చెప్పులు కూడా విప్పకుండా, కూతురు అన్నం తింటున్న బల్ల మీద నన్ను పెట్టాడు.

"నీ బ్రేకు తప్పు కాదు తల్లీ. ఆపాల్సిన చోట ఆపావు. ఒక మనిషిని బతికించావు. బెల్టు పెట్టుకోకుండా దీన్ని పెట్టుకుని కూర్చుంది నేను."

సుహిత నన్ను చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూసింది. కంచంలో చెయ్యి అలాగే ఉండిపోయింది.

"ఇది నీ దగ్గరే ఉందా ఇన్నాళ్ళూ?"

"ఉంది."

"ఆస్పత్రిలో కూడా?"

"ఉంది."

"అమ్మ నన్ను తిట్టేటప్పుడు?"

మాస్టారు తల ఊపాడు. వంటింటి గుమ్మంలో నిలబడ్డ కోటేశ్వరి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

పిల్ల అరవలేదు. లేచి చెయ్యి కడుక్కుని, ఆయన ఫోన్ తెచ్చి నా పక్కన పెట్టింది. పెద్దమ్మకి చెప్పు, నేను వింటాను అంది. మాస్టారు చెప్పాడు. పెద్దమ్మ నవ్వేసి, పోనీలే అయిందేదో అయింది, ఇంతకీ పన్ను కట్టించుకున్నావా అని మాట మార్చబోయింది. సుహిత కదల్లేదు. ఆయన మళ్ళీ మొదటి నుంచి, తప్పు తనదేనని విడమరచి చెప్పాడు. ఆ తర్వాత బాబాయికి చెప్పాడు. మేనత్తకి చెప్పాడు. ఒక్కో ఫోనుకీ ఆయన భుజాలు కాస్త కాస్త కుంగాయి. చివరికి కూతురి వైపు తిరిగి క్షమించమ్మా అన్నాడు. ఆ పిల్ల కంచం తీసి వంటింట్లో పెట్టింది.

తెల్లవారి కారు కడిగింది ఆమే. నన్ను గేరు పక్కన చిల్లర పెట్టుకునే గూట్లో పడేసి, తన బెల్టు పెట్టుకుని, అద్దాలు సరిచేసుకుని, బండి స్టార్ట్ చేసింది. వెంటనే కారు గోల మొదలుపెట్టింది. నా బతుకులో ఆ కూత నేను వినడం అదే మొదటిసారి. పక్క సీట్లో మాస్టారు కంగారుగా బెల్టు లాగుతున్నాడు. ఏళ్ళుగా లాగనిది, సగంలో బిగుసుకుపోతోంది. వదిలి మళ్ళీ లాగుతున్నాడు. సుహిత సాయం చెయ్యలేదు, విసుక్కోలేదు. స్టీరింగ్ మీద చేతులు పెట్టి, కూత ఆగేదాకా ఎదురు చూస్తూ కూర్చుంది.