చప్పిడి పత్యం

గొర్రెకు కడుపుబ్బితే మర్రిగూడ చుట్టుపక్కల వాళ్లంతా గోపయ్య దగ్గరికే పరుగెత్తేవాళ్లు. పచ్చి పెసరచేలో పడి మేసిన జీవాన్ని చూడగానే ఆయన మేత మాన్పించి, ఉబ్బు దిగేదాకా పస్తుంచేవాడు. అది బతికేది. అంతవరకు ఆయన్ని ఎవరూ వేలెత్తి చూపలేరు. కన్నబిడ్డకు కూడా అదే వైద్యం చేస్తానని కూర్చున్నాడు, అక్కడొచ్చింది తంటా.

పెద్దకూతురు నర్సికి మూడేళ్లు. చెల్లెలు పుట్టడంతో తల్లిపాలు మానింది. అప్పటి నుంచి పొద్దునా మాపూ జొన్నరవ్వ ఉడికించిన గటుకే. కొన్నాళ్లకు మొహం గుండ్రంగా ఉబ్బి, బుగ్గలు నిండుగా కనబడ్డాయి. పిల్ల ఒళ్లు చేసిందని వాడకట్టంతా మురిసింది. తల్లి బీరమ్మ కూడా పిచ్చిదానిలా మురిసిపోయి దిష్టిచుక్క పెట్టింది. తర్వాత పిల్ల పాదం మీద వేలితో నొక్కితే గుంట పడి అట్లాగే ఉండిపోసాగింది. జుట్టు ఎర్రబడింది. నర్సి ఆటలు మాని గోడకు చేరగిలబడింది.

"గిది ఉబ్బే," అని తేల్చేశాడు గోపయ్య. "పప్పు, పాలు, గుడ్డు దాని నోట్లె పడద్దు. చప్పిడి గంజి పొయ్యి. ఉప్పు గూడ ఎయ్యకు."

ఆ వారంలోనే టీకాలు వేసే ఇస్రాయేలు ఊళ్లోకి వచ్చాడు. నర్సిని చూసి వాకిట్లోనే ఆగిపోయాడు.

"అక్కా, గీ పిల్ల తిండి ఎక్కువై ఉబ్బలే. గటుక, గంజి ఆకలి తీరుస్తయి, గంతే. కండ పట్టాలంటె పప్పు గావాలె, పాలు, గుడ్డు గావాలె. బువ్వల జర నూనె గూడ పొయ్యి. గటుక ఎంతుంటదో పప్పు గంత పెట్టు. లేకుంటె పిల్ల నీకు దక్కది."

"ఏ వాడకెల్లి వచ్చినవ్రా నువ్వు?" గోపయ్య లేచి నిలబడ్డాడు. "నా ఇంటి ముందర నిలవడి నాకు మేత సంగతి చెప్తవా? నడువ్!"

ఇస్రాయేలు సంచీ సర్దుకొని వెళ్లిపోయాడు. చెప్పినవాడి కులం చూసి మాటను తోసేసే తెలివి గోపయ్య ఒక్కడిదే కాదు, ఊరందరిదీ. కానీ ఆ మాట బీరమ్మ చెవిలో పడనే పడింది.

గోపయ్య మందను తోలుకొని గుట్ట వైపు పోగానే ఆమె మేకపాలు పితికేది. అవి తల్లిలేని గొర్రెపిల్లల కోసం ఉంచిన పాలు. వాటికి సగం తగ్గించి నర్సికి తాగించేది. ఉడికిన కందిపప్పు మెత్తగా మెదిపి, నూనె చుక్కేసి, తలుపు చాటున తినిపించేది. తెలిస్తే వీపు విమానం మోత మోగుతుందని ఆమెకు తెలుసు. అయినా మానలేదు. ముందు ఉబ్బు దిగి పిల్ల ఎముకల గూడులా బయటపడింది. తానే చంపుకుంటున్నానని బీరమ్మ ఏడ్చింది. ఆ తర్వాత నర్సి ఇంకా పెట్టమని ఏడవడం మొదలుపెట్టింది. మెల్లగా లేచి నడిచింది.

గోపయ్య మీసం మెలేశాడు. "సూసిన్రా నా పత్యం!" అని రచ్చబండ దగ్గర చెప్పిందే చెప్పాడు. పేరెవరికొస్తే ఏంలే, పిల్ల దక్కింది చాలనుకొంది బీరమ్మ.

వెనకింటి అమృతమ్మకు ఒక్కడే కొడుకు. వాడికీ కాళ్లు ఉబ్బాయి. గోపయ్య పిలవకుండానే వెళ్లి పత్యం చెప్పి వచ్చాడు. మర్నాడు అమృతమ్మ వచ్చింది.

"అక్కా, నిజం జెప్పు. నర్సికి వట్టి గంజేనా పోసినవ్?"

గోపయ్య అరుగు మీద కూర్చొని గొంగడి కుట్టుకుంటున్నాడు. సూది ఆపి పెళ్లాం వైపు చూశాడు.

"వట్టి గంజే," అంది బీరమ్మ.

రేపు బావి దగ్గర ఒంటరిగా దొరికితే చెబుదామనుకొంది. అమృతమ్మ బావికి రాలేదు, పిల్లాణ్ని ఒళ్లోంచి దించడం లేదన్నారు. ఇంటికే వెళ్లి చెబుదామని బయల్దేరి, ఆ నోట ఈ నోట పడి మొగుడి చెవికి చేరితే ఎట్లా అని సందు మొదట్లోనే వెనక్కి తిరిగింది. అట్లా రేపు, ఎల్లుండి అనుకుంటుండగానే పిల్లాడు పోయాడు.

మట్టి చేసి వచ్చాక అమృతమ్మ బీరమ్మ చేతులు పట్టుకొంది.

"బావ జెప్పినట్టే జేసిన అక్కా. ఒక్క సుక్క పాలు తాగనియ్యలే. గుడ్డు కోసం ఏడ్సిండు, ఇయ్యలే. గంజి మింగలేకపోతుండని నిన్న పాణం ఆగక ఇంత ఉప్పు ఏసిన. గది తప్పయిందా?"

"ఉప్పేసినవా?" గుమ్మంలోంచి గోపయ్య గొంతు లేచింది. "ఇంకేంది మరి! నీ చేతులార నువ్వే సంపుకుంటివి."

అమృతమ్మ ఆ చేతులతోనే తల బాదుకుంది. బీరమ్మ పక్కనే ఉంది. అప్పుడు కూడా నోరు తెరవలేదు.