ముప్పై రెండో పేరు

నేను ఒక సత్తు గంజును, అంటే అల్యూమినియం వంటపాత్రను. చిన్నాచితకా గంజును కాను సుమండీ! ఇద్దరు మనుషులు చెరో చెవి పట్టుకుంటే తప్ప నేల వదలను. నూటయాభై మందికి అన్నం నాలో ఒక్క వాయికే ఉడుకుతుంది. గొప్పలు చెప్పుకుంటున్నానని అనుకోకండి, ఈ కథకు నా సైజు అవసరం కాబట్టి చెబుతున్నాను.

పట్నంలో ఒక రేకుల కార్ఖానాలో పుట్టాను. మర మీద గిర్రున తిప్పి, సుత్తెలతో బాది, ఆ చెవి ఈ చెవి అతికించి బయటికి తోశారు. తర్వాత పన్నెండేళ్లు ఒక టెంట్ హౌస్ వాళ్లకు ఊడిగం చేశాను. విస్తట్లో మటన్ మూలగ బొక్క పడలేదని అలిగి పెళ్లి పందిట్లోంచి లేచి వెళ్లిపోయిన బావలను చూశాను. మళ్లీ దినానికి అందరికంటే ముందొచ్చి నా పక్కనే విస్తరేసుకున్నదీ వాళ్లే. ఆ టెంట్ హౌస్ ఆయన స్టీలు సామాను కొన్నాక నన్ను ఊరి హైస్కూలుకు దానం ఇచ్చాడు. ఇచ్చే ముందు నా బొజ్జ మీద ఎర్ర రంగుతో తన పేరు, తండ్రి పేరు, ఫోన్ నంబరు రాయించుకున్నాడు.

బడిలో మధ్యాహ్న భోజనం వండే సైదమ్మ చేతిలో పడ్డాను. నోరు పెద్దది, చెయ్యి చల్లనిది. నన్ను తోముతూ ఊళ్లో అందరినీ తిట్టేది. నాకు ఆమె నచ్చింది.

నా పని మధ్యాహ్నంతో అయిపోయేది. పదో తరగతి వాళ్లకు మాత్రం సాయంత్రం ఇంకో బడి ఉండేది. నాలుగున్నర నుంచి ఆరు దాకా ప్రత్యేక తరగతులు పెట్టమని జిల్లా విద్యాశాఖ చెప్పింది. వెనకబడిన పిల్లలను ఒక్క చోట కూర్చోబెట్టి లెక్కలు, ఇంగ్లీషు మళ్లీ మొదటినుంచి చెప్పేవారు. ఆకలికి గుగ్గిళ్లు పెట్టేవారు. లెక్కలు చెప్పే సుభాషిణి టీచరే ఆ కేంద్రం చూసుకునేది. రిజిస్టరులో ముప్పై రెండు పేర్లు. ఆఖరు పేరు కావేరిది.

కావేరికి అర్ధ సంవత్సరం పరీక్షలో లెక్కలకు పదకొండు మార్కులు వచ్చాయి. తండ్రి పట్నంలో సెంట్రింగ్ పనికి వెళ్లి నెలకోసారి వచ్చేవాడు. తల్లి ఆటోలో పక్క ఊరికి పత్తి ఏరడానికి పోయి ఏడింటికి ఇల్లు చేరేది. ఇంట్లో రెండేళ్ల చెల్లెలు పింకి ఉంది. అంగన్‌వాడీ నాలుగింటికి మూసేస్తారు. మన తరగతి నాలుగున్నరకు మొదలు. ఆ తర్వాత పిల్లను ఎవరు పట్టుకోవాలి?

తల్లి తెగేసి చెప్పిందట. "పొల్లను ఇడిసిపెట్టి పోతానంటె నేనొప్ప. పాసైతె సంతోషం. ఫెయిలైతె మాత్రం మల్ల ఫీజు కట్టుడు గిట్టుడు లేదు, నాతోని పత్తికి రావాలె."

కావేరి ఈ మాట వంటింటి గడప మీద కూర్చుని ఏడుస్తూ చెప్పింది. సైదమ్మ గరిటె కింద పెట్టింది.

"ఏడుస్తవేందే! పొల్లను నా కాడికి తీస్కరా. గీ గంజుల కూసోబెడ్త. యాడికి పోతది?"

అలా నాకు ముసలితనంలో కొత్త ఉద్యోగం వచ్చింది. పొయ్యికి దూరంగా గోడవారన నన్ను పెట్టి, అడుగున గోనెసంచి పరిచి, పింకిని కూర్చోబెట్టేవారు. అది లోపలినుంచి చెంచాతో కొడుతుంటే నా ఒళ్లంతా గిలిగింతలు! అవతలి గదిలో కావేరి హాయిగా లెక్కలు చేసుకునేది.

జనవరి నెలాఖరున ఒక కాగితం వచ్చింది. ఎక్కడో ఒక కేంద్రంలో అక్క వెంట వచ్చిన చిన్నపిల్ల మెట్ల మీంచి పడి తల పగిలిందట. ఇకమీదట పేరున్న విద్యార్థులు తప్ప కేంద్రంలో ఎవరూ ఉండకూడదు. చిన్నపిల్లల్ని తెస్తే, తెచ్చిన వారి పేరు కొట్టేయాలి. టీచర్ ఆ కాగితం సైదమ్మకు చదివి వినిపించి, మడిచి సంచిలో పెట్టుకుంది.

"నేనైతే వంటింటి దిక్కు చూడలేదు సైదమ్మా. నాకేం తెలియదు" అని బోర్డు వైపు తిరిగింది. చదువుకున్నవాళ్లు ధైర్యం చేసే తీరు అదీ.

వారం తిరక్కుండానే గేటు దగ్గర మోటార్ సైకిల్ ఆగింది. మండల విద్యాధికారి విఠలాచారి గారు! సైదమ్మ పింకి చేతిలో గుప్పెడు గుగ్గిళ్లు పోసి, "సప్పుడు జెయ్యకు నా తల్లి" అని బతిమాలి, నా మీద మూత పెట్టింది. గాలాడేందుకు మూత కింద గరిటె అడ్డంగా ఉంచింది. నాకు గుండె ఉంటే ఆ క్షణాన ఆగేదే.

ఆయన పిల్లల తలలు లెక్కపెట్టారు. ముప్పై రెండు. గుగ్గిళ్లు రుచి చూశారు. బాగున్నాయన్నారు. ఇక పోతారు, పోతారు అనుకుంటున్నా. వంటింటి గుమ్మంలో ఆగారు.

"అంత పెద్ద గంజుల ఏముందమ్మా?"

శనగలు నానబోశానంటే సరిపోయేది! ఊరందరినీ నోటితో గెలిచే మనిషి, సరిగ్గా అప్పుడే తడబడింది.

"గుగ్గిళ్లు సార్. ఉడుకుతున్నయ్."

"కింద పొయ్యి ఏది?"

ఆయన వంగి నా పొట్ట మీద అరచెయ్యి ఆనించారు. అయ్యో, ఏం చెప్పమంటారు! పుట్టినప్పటినుంచి మంట మీద బతికినదాన్ని. ఆ ఒక్క క్షణం వేడిగా ఉంటే ఎంత బాగుండుననిపించింది. మరుక్షణమే లోపలున్న పసిదాన్ని తలుచుకుని, ఛీ ఛీ, ఇదేం పాడు కోరిక అని నన్ను నేనే తిట్టుకున్నాను. ఆయన చేతికి నేను చల్లగా తగిలాను.

మూత తీశారు. పింకి నోరు నిండా గుగ్గిళ్లతో తలెత్తి కళ్లజోడు చూసింది. ఒక్క అరుపు అరిచింది చూడండీ, నా లోపల మోగి బడంతా వినపడింది.

"నా మనుమరాలు సార్" అంది సైదమ్మ. అప్పటికే కావేరి పరుగెత్తుకొచ్చింది. పింకి రెండు చేతులూ చాచి "అక్కా" అంది. ఇంకేముంది, అంతా బయటపడిపోయింది.

"నన్ను తీసెయ్యకుండ్రి సార్" అంది కావేరి. "ఇప్పుడిప్పుడే లెక్కలు అర్థమైతున్నయ్. తీసేస్తె మా అమ్మ పత్తికి తోల్కపోతది."

విఠలాచారి గారు చెడ్డవారైతే నాకు తిట్టుకోవడానికి వీలుగా ఉండేది.

"ఆ పడ్డ పిల్లను దవాఖానకు ఎత్తుకపోయింది నేనేనమ్మా. తొమ్మిది కుట్లు. నా అంగీ అంత రక్తం. మల్ల అట్ల కావద్దు" అన్నారు. రిజిస్టరు తెప్పించి ముప్పై రెండో పేరు మీద ఎర్ర గీత గీశారు. ఆయన వెళ్లాక కావేరి పుస్తకాలు సంచిలో పెట్టుకుని, చెల్లెల్ని చంకనేసుకుని వెళ్లిపోయింది. సైదమ్మ ఆ రోజు ఎవరినీ తిట్టలేదు. నాకు ఏడుపు రాదు కానీ, వస్తే ఆ రోజు వచ్చేది.

మూడు రోజులు ఖాళీగా పడున్నాను. నాలుగో రోజు సుభాషిణి టీచర్ వంటింటికి వచ్చి, ఆ కాగితం మళ్లీ చదివింది. పేరున్నవాళ్లు తప్ప కేంద్రం గదిలో ఎవరూ ఉండకూడదని, పేరున్నవాళ్లు పిల్లల్ని తేకూడదని ఉంది. పేరే లేని పిల్ల వంటింటి గడప మీద కూర్చోకూడదని ఎక్కడా లేదు. అంతే! కావేరిని మళ్లీ రమ్మని, పిల్లలతో బోర్డు లేపించి కిటికీ వైపు తిప్పించింది. ఆ కిటికీకి ఎదురుగానే మా వంటిల్లు. సైదమ్మ గుగ్గిళ్లు నాలుగింటికే దించి పొయ్యి ఆర్పేది, గ్యాస్ బుడ్డకు తాళమేసేది. పింకి నాలో కూర్చునేది. కావేరి గడప మీద కూర్చుని, కిటికీలోంచి బోర్డు చూస్తూ లెక్కలు రాసుకునేది. లోపలున్న ముప్పై ఒక్కమందీ మెడలు పక్కకు వంచి చూసేవాళ్లు. ఒక్కరు కూడా నోరు విప్పలేదు.

అలా నెల గడిచింది. పరీక్షలు రెండు వారాలున్నాయనగా మళ్లీ మోటార్ సైకిల్ వచ్చింది. ఈసారి దాచడానికి కూడా వ్యవధి లేకపోయింది. ఆయన నేరుగా తరగతిలోకి వెళ్లారు. కిటికీ తెరిచే ఉంది కాబట్టి నాకన్నీ వినపడుతున్నాయి.

"బోర్డు అటు తిప్పిన్రేంది టీచర్?"

"ఎండ మెరుస్తుంది సార్. పిల్లలకు కనబడదు."

ఆ రోజు పొద్దుటినుంచీ మబ్బు. ఆయన బయటికి చూశారు. చూస్తూ చూస్తూ కిటికీ దగ్గరికి వచ్చారు. గడప మీద కావేరి పెన్సిలు పట్టుకుని బిగుసుకుపోయింది. నా అంచు పట్టుకుని పింకి లేచి నిలబడింది. సైదమ్మ దాని నోటికి చెయ్యి అడ్డం పెట్టబోయి ఆగిపోయింది. ఇక ఈసారి కావేరి చదువుకే కాదు, టీచరమ్మ ఉద్యోగానికి కూడా నీళ్లొదులుకోవలసిందే అనుకున్నాను. ఆయన ఆరిపోయిన పొయ్యిని చూశారు. బుడ్డకున్న తాళం చూశారు. పింకిని చూశారు. కావేరి ఒళ్లోని నోటుపుస్తకం చూశారు.

తర్వాత వెనక్కి తిరిగి గట్టిగా అన్నారు.

"మీ గొంతు చాలత లేదు టీచర్. చివర కూసున్నోళ్లకు ఇనపడాలె. ఇంక గట్టిగ చెప్పుండ్రి."

రిజిస్టరులో ముప్పై ఒకటి అని రాసి, సంతకం పెట్టి వెళ్లిపోయారు. సుభాషిణి టీచర్ ఆ సాయంత్రం వర్గ సమీకరణాలు ఎంత గట్టిగా చెప్పిందంటే, రోడ్డు మీద పోయేవాళ్లు ఆగి చూశారు.

ఎండాకాలం సెలవుల్లో, బియ్యం బస్తాలు సర్దడానికి సైదమ్మ వచ్చిన రోజున కావేరి మార్కుల మెమో పట్టుకుని వచ్చింది. సైదమ్మకు చదువు రాదు.

"లెక్కలు యాడున్నయే? చూపెట్టు."

కావేరి వేలు పెట్టి చూపించింది. సైదమ్మ దుమ్ము చెయ్యి చీరకు తుడుచుకుని, ఆ అంకె మీద తన వేలు ఆనించింది.

"ఎంత?"

"ముప్పై ఎనిమిది."

"ఇంకో రెండొస్తె నలభై అయ్యేటివి గదనే" అని కసిరింది. ఆ తర్వాత కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది కానీ, కాగితం మీంచి వేలు మాత్రం తియ్యలేదు.